కాటుక రేఖ

పాఠ్యభాగ నేపథ్యం

ఒక విషయాన్ని క్రమబద్ధంగా, సోదాహరణంగా వివరించే రచనను వ్యాసం అంటారు. ప్రస్తుత పాఠ్యభాగం ఆ ప్రక్రియకు చెందింది. అలంకరణ మానవునికి సహజమైన అభిలాష. యౌవనారంభ దశలో ఆ అభిలాష మరింత బలంగా ఉంటుంది. దానిని తప్పుపట్టడం వల్ల ప్రయోజనం లేదు. సరైన మార్గంలో నడిపించడమే వివేకం. కంటి అలంకరణకు సంబంధించి పూర్వుల అనుభవాన్ని, ఆధునిక వైద్యశాస్త్రం తెలియజేస్తున్న జాగ్రత్తలను, నిత్యజీవితంలో అనుసరించదగిన సులభ విధానాలను విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

కళాశాల వార్షికోత్సవం నాటి సాయంకాలాన్ని ఊహించుకోవచ్చు. వేదిక వెనుక ఉన్న చిన్న గదిలో పదిమంది విద్యార్థినులు కూచిపూడి నృత్యానికి సిద్ధమవుతున్నారు. గోడకు ఒకటే అద్దం. చేతులు మారుతున్నది ఒకటే కాటుక పుల్ల. ప్రథమ సంవత్సరం విద్యార్థిని ఒకతె తన వంతు వచ్చేసరికి వెనుకకు జరిగింది. ఆమెకు ముందు కాటుక పెట్టుకున్న అమ్మాయి కన్ను ఉదయం నుండి ఎర్రబడి ఉంది. "నాకు వద్దక్కా" అని ఆమె మెల్లగా అన్నది. "మేమంతా పెట్టుకున్నదే కదా, నీకు మాత్రం ఏమైందే? అంత గర్వమా?" అని పెద్ద తరగతి అమ్మాయి అడిగింది. ఏమి చెప్పాలో తోచక ఆ చిన్నది తలవంచుకున్నది.

పది నిమిషాలలో తెర లేవబోతున్నది. ఆ గదిలో ఎవరికీ చెడు తలంపు లేదు. ఉన్నది పంచుకోవడం మంచి గుణమని పెద్దలు నేర్పారు. కాని పంచుకోదగినవి కొన్ని, పంచుకోకూడనివి కొన్ని ఉంటాయి. కాటుక పుల్ల ఏ కోవకు చెందినదో తెలియాలంటే కంటిని గురించి, కాటుకను గురించి కొంత తెలుసుకోవడం అవసరం.

పేర్లలో దాగిన చూపు

స్త్రీని ఆమె కన్నులతో సంబోధించడం ప్రాచీన కవులకు పరిపాటి. విశాలాక్షి, మీనాక్షి, హరిణాక్షి, పద్మాక్షి, చకోరాక్షి వంటి సంస్కృత పదాలు, కలువకంటి, వాలుగంటి వంటి తెలుగు పదాలు కావ్యాలలో అడుగడుగునా కనిపిస్తాయి. ఈ పదాలను పర్యాయపదాలుగా కంఠస్థం చేసి విడిచిపెట్టడం వల్ల వీటిలోని ఒక విశేషం మరుగున పడుతున్నది. ఇవన్నీ ఒకే ఆకృతిని చెప్పే మాటలు కావు. చేప వంటి కన్ను కొసలు సన్నగిల్లి నిడుపుగా ఉంటుంది. లేడి కన్ను గుండ్రంగా, బెదురుగా ఉంటుంది. తామర రేకు వంటి కన్ను వెడల్పుగా విచ్చుకొని ఉంటుంది. వాలుగంటిలో చూపు ఓరగా వాలుతుంది. కన్ను ఇలాగే ఉండాలని కవులు ఒక కొలత పెట్టలేదు. ఏ కంటి తీరును చూసినా దానికి తగిన పోలికను ప్రకృతిలో వెదికారు.

నేటి యువతీయువకులు ఈ అంశాన్ని గుర్తుంచుకోవాలి. చరవాణి తెరపై పదే పదే కనిపించే ఒకే రకమైన ముఖాన్ని చూసి, తమ కన్నులు చిన్నవనీ, రెప్పలు దట్టమైనవనీ, చాయ తక్కువనీ కుంగిపోయేవారు ఎందరో ఉన్నారు. ఆ ముఖాలలో అనేకం కెమెరా యంత్రం సవరించినవే. లోపాన్ని కప్పిపుచ్చుకోవడం అలంకరణ లక్ష్యం కాదు. ఉన్నదానిని స్పష్టపరచడమే దాని లక్ష్యం. కాటుక రేఖ కన్నును మార్చదు. కన్ను ఎక్కడ ఉన్నదో చూపుతుంది.

సాహిత్యంలో కాటుక కేవలం అందానికే పరిమితం కాలేదు. పోతన పేరుతో ప్రచారంలో ఉన్న ఒక చాటుపద్యంలో సరస్వతీదేవి కాటుక కలిసిన కన్నీరు కార్చినట్లు వర్ణన ఉంది. తెల్లని దేవతకు నల్లని కన్నీరు! కాటుక లేకుంటే ఆ దుఃఖం అంతగా కంటికి కట్టదు. శిల్పశాస్త్ర సంప్రదాయంలో విగ్రహానికి కన్నులు తెరిచే నేత్రోన్మీలనం ప్రతిష్ఠా సమయంలో ప్రత్యేక సంస్కారంగా జరుగుతుంది. పదహారవ శతాబ్దికి చెందిన లేపాక్షి ఆలయపు పైకప్పు చిత్రాలలో కన్నులను నల్లని గీతలతో తీర్చిన తీరు నేటికీ చూపరులను నిలబెడుతుంది.

అంజన చరిత్ర

కంటికి రంగు దిద్దుకొనే ఆచారం అయిదువేల సంవత్సరాలకు పూర్వమే ఈజిప్టులో ఉంది. అక్కడివారు పచ్చని రంగుకు మాలకైట్ అనే రాగి ఖనిజాన్ని, నల్లని రంగుకు గెలీనా అనే సీసపు ఖనిజాన్ని రాతిపలకలపై నూరి వాడేవారు. పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో భద్రపరచిన ఈజిప్టు అంజనాలను శాస్త్రజ్ఞులు పరీక్షించి, వాటిలో ప్రకృతిలో అరుదుగా దొరికే సీసపు లవణాలు ఉన్నాయనీ, ఈజిప్టువారు వాటిని బుద్ధిపూర్వకంగా తయారుచేసి ఉంటారనీ 1999లో ప్రకటించారు. ఆ లవణాలు అత్యల్ప పరిమాణంలో కంటి రోగనిరోధక చర్యను ప్రేరేపించి ఉండవచ్చునని 2010లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులే మరొక పరిశోధనలో సూచించారు. అయితే సీసం శరీరంలో పేరుకొనే విషం. అందువల్ల ఆ పరిశోధన చరిత్రను అర్థం చేసుకోవడానికే తోడ్పడుతుంది గాని, సీసం వాడవచ్చుననడానికి ఆధారం కాదు.

భారతదేశంలో అంజనం వైద్యంలో భాగంగా వృద్ధి చెందింది. చరకసంహిత సూత్రస్థానంలోని అయిదవ అధ్యాయం దినచర్యను బోధిస్తూ, సౌవీరాంజనాన్ని ప్రతిదినం వాడదగినదిగానూ, రసాంజనాన్ని కొన్ని రాత్రులకు ఒకసారి మాత్రమే వాడదగినదిగానూ పేర్కొన్నది. తీక్ష్ణమైన అంజనాన్ని పగటివేళ పెట్టుకోరాదనీ, దానితో బలహీనపడిన కన్ను సూర్యకాంతికి తాళలేదనీ ఆ గ్రంథమే హెచ్చరించింది. సౌవీరాంజనం ఏ ఖనిజమన్న విషయంలో పండితులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. కొందరు అంటిమొనీ ఖనిజమంటారు. కొందరు సీసపు ఖనిజమంటారు. పూర్వగ్రంథాలను గౌరవించడమంటే వాటిలోని పదార్థాలను గుడ్డిగా అనుకరించడం కాదు. ఏది, ఎంత, ఎప్పుడు అన్న వారి విచక్షణను స్వీకరించడమే నిజమైన గౌరవం.

తెలుగు ఇళ్ళలో కాటుక తయారీకి వేరొక పద్ధతి ఉండేది. శుభ్రమైన నూలుగుడ్డను పొన్నగంటి ఆకు పసరులోనో, గుంటగలగర ఆకు పసరులోనో తడిపి నీడన ఆరబెట్టేవారు. దానిని వత్తిగా చేసి ఆముదపు దీపం వెలిగించేవారు. దీపానికి ఇరువైపులా ఆధారాలు నిలిపి, వాటిపై ఇత్తడి పళ్ళెమో రాగి పళ్ళెమో బోర్లించేవారు. గాలి ఆడడానికి కొద్దిపాటి సందు విడిచేవారు. తెల్లవారేసరికి పళ్ళెం అడుగున మెత్తని మసి పట్టేది. దానిని గీకి, ఆముదంతోనో నేతితోనో రంగరించి కాటుక భరిణెలో భద్రపరిచేవారు. ఈ కాటుకలోని నలుపు కర్బనపు నలుపే గాని ఖనిజపు నలుపు కాదు. అయినప్పటికీ ఇంట చేసినంత మాత్రాన అది నిరపాయకరమని చెప్పడానికి వీలులేదు. మసిలోని రేణువులు కంటిని ఒరుసుకోవచ్చు. భరిణెలో పదిమంది వేళ్ళు పడితే సూక్ష్మజీవులు చేరవచ్చు. పసిబిడ్డల కంటిలో కాటుక పెట్టవద్దని శిశువైద్యులు స్పష్టంగా చెబుతున్నారు. దిష్టిచుక్క అరికాలిలో పెట్టినా పెద్దల మనసు కుదుటపడుతుంది.

కనురెప్ప అంచు రహస్యం

కంటిని ఎల్లప్పుడూ కప్పి ఉంచే కన్నీటి పొర చాలా పలుచనిది. అందులో లోపల జిగురు పదార్థం, మధ్యలో నీరు, పైన నూనె ఉంటాయి. పైనున్న నూనె, నీటిని త్వరగా ఆవిరి కానీయదు. ఈ నూనెను స్రవించే గ్రంథుల నోళ్ళు వెండ్రుకల వరుసకు లోపలి వైపున, రెప్ప అంచు మీద బారులు తీరి ఉంటాయి. పైరెప్పలో ఇవి దాదాపు 25 నుండి 40 వరకు, క్రిందిరెప్పలో 20 నుండి 30 వరకు ఉంటాయి. రెప్ప అంచు లోపల కాటుకను దట్టంగా పూస్తే ఈ నోళ్ళు మూసుకుపోయే అవకాశం ఉంది. అప్పుడు కన్ను పొడిబారుతుంది, మండుతుంది. కొందరికి కంటికురుపులు లేస్తాయి. వెండ్రుకల వెలుపల గీసిన రంగు కంటె, లోపలి అంచున గీసిన రంగు త్వరగానూ అధికంగానూ కన్నీటి పొరలో కలుస్తున్నదని కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో వెల్లడించారు. కాబట్టి రేఖ ఎప్పుడూ వెండ్రుకలకు వెలుపలే ఉండాలన్నది మొదటి నియమం.

సౌమ్యమైన అలంకరణ విధానం

నవయౌవనంలో చర్మం సహజంగానే నిగనిగలాడుతుంది. దానిపై దట్టమైన రంగులు పూస్తే వయస్సు పైబడినట్లు కనిపిస్తుంది. ఈ వయస్సుకు తగినది సౌమ్యమైన అలంకరణ. దానికి నాలుగే వస్తువులు చాలు: కనుబొమల కుంచె, మెరుపు లేని ఒక ఐషాడో, గోధుమరంగు పెన్సిలు, మస్కారా.

మొదట చేతులను, ముఖాన్ని శుభ్రంగా కడుక్కోవాలి. ముఖానికి లేపనం రాసుకొంటే అది చర్మంలో ఇంకే వరకు ఆగాలి. జిడ్డు మీద రంగు నిలువదు. తరువాత కనుబొమలను కుంచెతో పైకి, వెలుపలికి దువ్వాలి. వెండ్రుకలు పలుచగా ఉన్నచోట మాత్రమే ముదురు గోధుమరంగుతో చిన్న చిన్న గీతలు గీయాలి. నల్లని జుట్టు గలవారైనా కనుబొమలకు కారునలుపు వాడితే చూపులో కాఠిన్యం కనిపిస్తుంది.

రెండవ దశలో, తమ చర్మం కంటె కొద్దిగా ముదురైన రంగును ఎన్నుకోవాలి. ఉంగరపు వేలి కొసకు కొంచెం రంగు అద్దుకొని, ఎక్కువైన పొడిని దులిపివేసి, వెండ్రుకల మొదలు నుండి రెప్ప మడత వరకు మెల్లగా అద్దాలి. మిగిలిన వేళ్ళ కంటె ఉంగరపు వేలి ఒత్తిడి తక్కువ. రంగు ఎక్కడ ముగిసిందో తెలియకుండా అంచులను చెరిపివేయడమే ఇందులోని నేర్పు. చామనచాయ గలవారికి ఇటుకరంగు, రాగిరంగు, తేనెరంగు, వంగపండు రంగు శోభనిస్తాయి. తెల్లదనం కలిసిన లేత రంగులు ఆ చాయపై బూడిద పూసినట్లు కనిపిస్తాయి. తమ చాయను మార్చాలని ప్రయత్నించకుండా, దానికి నప్పే రంగును వెదకడమే అందానికి మార్గం.

మూడవ దశ రేఖ. గడ్డం కొద్దిగా పైకెత్తి, అద్దంలో క్రిందికి చూస్తూ, పైరెప్ప వెండ్రుకల సందులలో పెన్సిలుతో చుక్కలు పెట్టుకుంటూ పోవాలి. వెలుపలి కొస నుండి మొదలుపెట్టి కంటిలో మూడింట రెండు వంతుల వరకు వస్తే చాలు. ఆ చుక్కలను శుభ్రమైన దూదిపుల్లతో మెల్లగా కలిపివేస్తే గీసిన గీతలా కాక, వెండ్రుకల నీడలా కనిపిస్తుంది. ఒకే ఊపులో గీత గీయబోయి చేయి వణికేవారికి ఇది సులభమైన ఉపాయం.

నాల్గవ దశలో మస్కారా కుంచెకు అంటిన ఎక్కువ రంగును తుడిచివేసి, పైవెండ్రుకలకు మొదలు నుండి కొసకు ఒక్కపూత వేయాలి. క్రిందివెండ్రుకలను విడిచిపెట్టడం మంచిది. అంతా ముగిసిన తరువాత అద్దాన్ని చేయిచాచినంత దూరంలో ఉంచి, పగటి వెలుతురులో ఒకసారి చూసుకోవాలి. ఎదుటివారికి మొదట రంగు కనిపిస్తే అది ఎక్కువైనట్లు. కన్ను కనిపిస్తే సరిపోయినట్లు.

కంటి తీరును బట్టి చిన్న చిన్న మార్పులు చేసుకోవచ్చు. చిన్నకన్నుల చుట్టూ నల్లని గీత గీస్తే అవి మరింత చిన్నవిగా కనిపిస్తాయి. అటువంటివారు పైరేఖతోనే సరిపెట్టుకోవాలి. లోతైన కన్నులు గలవారు రెప్పపై లేతరంగు వాడాలి. కన్నులు దగ్గరగా ఉన్నవారు ముక్కు వైపున లేతరంగును, చెవి వైపున ముదురు రంగును ఉంచాలి; ఎడంగా ఉన్నవారు దీనికి విరుద్ధంగా చేయాలి.

సందర్భం – ఔచిత్యం

పదకొండవ శతాబ్దికి చెందిన కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్నాడు. మొలనూలును మెడలోనూ, హారాన్ని నడుముకూ ధరిస్తే ఎవరు నవ్వరని ఆయన ప్రశ్నించాడు. నగ మంచిదే, ధరించిన వ్యక్తీ అందగత్తే. తప్పినది స్థానం మాత్రమే. కావ్యానికి చెప్పిన ఈ సూత్రం కంటి అలంకరణకూ సరిగ్గా సరిపోతుంది.

తరగతి గదికి వెళ్ళే నాడు కనుబొమలు దువ్వుకొని, సన్నని రేఖ దిద్దుకొంటే చాలు. ఉగాది, సంక్రాంతి, బతుకమ్మ వంటి పండుగలకు రెప్ప మధ్యభాగంలో కొద్దిపాటి బంగారు తళుకు అద్దవచ్చు. బంధువుల వివాహానికి పట్టుబట్టలు ధరించినప్పుడు రాగిరంగును వెలుపలి కొసన కొద్దిగా ముదురు చేసి, రేఖను కన్ను దాటి రెండు మూడు మిల్లీమీటర్లు పొడిగించవచ్చు. పండుగ పగటివేళ అయితే తళుకు తగ్గించాలి. దీపకాంతిలో అయితే కొంచెం పెంచవచ్చు. ఎండలో మెరుపు కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. పసుపుపచ్చని దీపకాంతిలో లేతరంగులు కలిసిపోతాయి.

రంగస్థలం సంగతి వేరు. నాట్యశాస్త్రం ముప్పై ఆరు విధాలైన దృష్టులను పేర్కొన్నది. వాటిలో రసదృష్టులు ఎనిమిది, స్థాయిదృష్టులు ఎనిమిది, సంచారిదృష్టులు ఇరవై. ఈ చూపులు చివరి వరుసలో కూర్చున్న ప్రేక్షకునికి సైతం అందాలి. అందుకే నర్తకులు రేఖను దట్టంగా, చెవి వైపుకు పొడవుగా దిద్దుకొంటారు. ఇది ఆహార్యాభినయంలో భాగం. ఇందులో స్త్రీపురుష భేదం లేదు. సత్యభామ పాత్రకు ప్రసిద్ధులైన వేదాంతం సత్యనారాయణశర్మ వంటి పురుష కళాకారులు కాటుక కన్నులతోనే ప్రేక్షకులను సమ్మోహితులను చేశారు. అయితే వేదికపై ఒప్పే రేఖ బస్టాండులో ఒప్పదు. రేఖ మారలేదు, చూసే దూరం మారింది.

తప్పనిసరి జాగ్రత్తలు

సుర్మా, కోల్ అనే పేర్లతో దొరికే కొన్ని కంటి పొడులలో సీసం అధికంగా ఉంటుంది. సీసం రక్తాన్ని, నాడీమండలాన్ని దెబ్బతీస్తుంది; పిల్లల మెదడు ఎదుగుదలకు అది మరింత ప్రమాదకరం. అందువల్లనే అమెరికాలో వీటిని సౌందర్యసాధనాలలో రంగుగా వాడడానికి అనుమతి లేదు. భారతదేశంలో కూడా రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలు కలిపిన సౌందర్యసాధనాల తయారీని 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనలు నిషేధించాయి. తయారీదారు పేరు, లైసెన్సు సంఖ్య, గడువు తేదీ, పదార్థాల వివరాలు లేని డబ్బాను జాతరలో చవకగా దొరికినా కొనరాదు. చేతిపనులకు వాడే తళుకుపొడిని కంటి దరికి రానీయరాదు. దాని పదునైన అంచులు నల్లగుడ్డుపై పొరను గీరగలవు.

క్రొత్త వస్తువును మోచేతి లోపలి వైపున కొద్దిగా రాసి ఒకరోజు గమనించాలి. దురద, దద్దురు కనిపిస్తే దానిని వాడరాదు. మస్కారాను తెరిచిన మూడు నెలలకు పారవేయాలి. ఎండిపోయిన రంగును ఉమ్మితోనో నీటితోనో తడపరాదు. కదులుతున్న బస్సులోనో, ఆటోలోనో కంటి దగ్గర పెన్సిలు పట్టరాదు. కాంటాక్టు లెన్సులు వాడేవారు అలంకరణకు ముందే వాటిని పెట్టుకోవాలి. అలంకరణ తుడవడానికి ముందే తీసివేయాలి. నిద్రకు ముందు రంగును తొలగించడం అత్యవసరం. రిమూవరులో తడిపిన దూదిని మూసిన కంటిపై పది పదిహేను సెకన్లు ఉంచి, తరువాత క్రిందికి మెల్లగా తుడవాలి, గట్టిగా రుద్దరాదు. కన్ను ఎర్రబడినా, పుసి కట్టినా, చూపు మసకబారినా అన్నిటినీ మానివేసి నేత్రవైద్యుని సంప్రదించాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది – ఒకరి కాటుకను మరొకరు వాడరాదు. కండ్లకలక వంటి వ్యాధులు కంటి స్రావం ద్వారా, చేతుల ద్వారా, వస్తువుల ద్వారా వ్యాపిస్తాయి. ఒకప్పుడు దేశంలో ఎందరినో అంధులను చేసిన ట్రకోమా వ్యాధి కూడా ఆ మార్గాలలోనే వ్యాపించేది. భారతదేశంలో ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2024 అక్టోబరులో గుర్తించింది. దశాబ్దాల కృషితో లభించిన ఆ ఫలితం వెనుక మందులతో పాటు, ముఖం కడుక్కోవడం, తువ్వాలు వేరుగా ఉంచుకోవడం వంటి చిన్న అలవాట్లు కూడా ఉన్నాయి.

ముగింపు

మళ్ళీ ఆ వేదిక వెనుక గదికి వెళితే, తలవంచుకున్న అమ్మాయి చేసినది గర్వం కాదని ఇప్పుడు విశదమవుతుంది. అయినా ఆమెకు మరొక మార్గం ఉండవలసింది. ఎర్రబడిన కన్ను గల విద్యార్థిని ఆ రోజు కాటుక పెట్టుకోకుండా ఉండవలసింది. ఆమెకు చెప్పడానికి స్నేహితులు జంకకూడదు. మిగిలినవారి కోసం క్రొత్త పెన్సిలు కొసను శుభ్రమైన బ్లేడుతో గీకి, ఆ రంగును పళ్ళెంలో పది భాగాలుగా ఉంచి, ఎవరి దూదిపుల్ల వారికి ఇస్తే సరిపోయేది. రంగస్థల కళాకారులకు ముఖాలంకరణ చేసే నిపుణులు పాటించే పద్ధతి ఇదే. ఇందులో పంచుకోవడమూ ఉంది, కాపాడుకోవడమూ ఉంది.

"వద్దు" అనే మాటను నొప్పించకుండా చెప్పడం, చెప్పినప్పుడు నొచ్చుకోకుండా వినడం – ఈ రెండూ చదువులో భాగమే. కాటుక రేఖ ఒక పూట ఉండి చెరిగిపోతుంది. దాని క్రింద ఉన్న కన్ను జీవితాంతం చూడవలసినది.

కఠిన పదాలు – అర్థాలు

అంజనం = కాటుక, కంటికి పెట్టే మందు
శలాక = పుల్ల
భరిణె = మూత గల చిన్న పెట్టె
తీక్ష్ణం = తీవ్రమైనది, ఘాటైనది
నేత్రోన్మీలనం = కన్నులు తెరిపించుట
ఆహార్యం = వేషధారణ, అలంకరణ
ఔచిత్యం = తగినట్లు ఉండుట
మొలనూలు = నడుముకు ధరించే ఆభరణం
చామనచాయ = నలుపు, ఎరుపు కాని మధ్యస్థమైన వర్ణం
పుసి = కంటినుండి వెలువడే మలినం

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ప్రాచీన కాలం నుండి నేటి వరకు అంజన చరిత్రను వివరించండి.
2. సౌమ్యమైన కంటి అలంకరణలోని దశలను, పాటించవలసిన జాగ్రత్తలను తెలపండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. కన్నులను బట్టి ఏర్పడిన పేర్లు తెలియజేసే విశేషం ఏమిటి?
2. తెలుగు ఇళ్ళలో కాటుకను ఎలా తయారుచేసేవారు?
3. రెప్ప అంచు లోపల కాటుక ఎందుకు పూయరాదు?
4. క్షేమేంద్రుని ఔచిత్య సూత్రం అలంకరణకు ఎలా వర్తిస్తుంది?

III. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఈజిప్టువారు నల్లని రంగుకు ఏ ఖనిజాన్ని వాడేవారు?
2. నాట్యశాస్త్రం పేర్కొన్న దృష్టులు ఎన్ని?
3. మస్కారాను తెరిచిన ఎన్ని నెలలకు పారవేయాలి?
4. భారతదేశంలో ట్రకోమా సమస్య తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్యసంస్థ ఏ సంవత్సరంలో గుర్తించింది?

IV. సంధులు
1. సౌవీరాంజనం = సౌవీర + అంజనం – సవర్ణదీర్ఘ సంధి
2. నేత్రోన్మీలనం = నేత్ర + ఉన్మీలనం – గుణ సంధి
3. అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
4. ఆహార్యాభినయం = ఆహార్య + అభినయం – సవర్ణదీర్ఘ సంధి

V. సమాసాలు
1. మీనాక్షి – మీనముల వంటి కన్నులు కలది – బహువ్రీహి సమాసం
2. చిన్నకన్నులు – చిన్నవైన కన్నులు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
3. కాటుక భరిణె – కాటుక కొరకు భరిణె – చతుర్థీ తత్పురుష సమాసం
4. స్త్రీపురుషులు – స్త్రీలును, పురుషులును – ద్వంద్వ సమాసం

VI. ఆలోచించండి – చర్చించండి
స్నేహితురాలు తన కాటుకను వాడుకొమ్మని ప్రేమతో ఇచ్చినప్పుడు, ఆమె మనసు నొప్పించకుండా ఎలా నిరాకరిస్తారో సంభాషణ రూపంలో రాయండి.